కాంపో అంటే మా పెద్దబాపు చేను

ఆర్మూర్‌లో ఈ కథ ఎవరు చెప్పినా ఒక్క తీరుగానే చెప్తారు. స్పెయిన్ నుంచి పసుపు కొనే ఆమె వచ్చిందట, నాకు ఆ భాష వచ్చని గప్పాలు కొట్టానట, తీరా ఆమె ముందర నిలబెడితే ఏదేదో వాగానట, ఆమె పక్కున నవ్వి కారెక్కి పోయిందట, నా వల్ల బేరం పోయిందట. పెళ్లికి పోతే బంతిలో పక్కన కూర్చున్నవాళ్లు చెప్తారు, మా బడి స్టాఫ్‌రూంలో చెప్తారు, మొన్న బ్యాంకులో క్యూలో నా ముందు నిలబడ్డాయన వెనక్కి తిరిగి నాకే చెప్పాడు. ఇంతమంది ఇన్నేండ్లుగా ఇంత శ్రద్ధగా మోస్తున్న ఈ కథలో నిజమెంతంటే, గప్పాలు కొట్టడం ఒక్కటే. అది ఒప్పుకుంటాను. మిగతాదంతా అబద్ధం. ఆమె నవ్వలేదు. నేను వాగలేదు, ఆమె అడిగినదానికి నేను చెప్పింది మొత్తం కలిపి నాలుగు మాటలు. ఇక బేరం సంగతంటారా, చేనులో ఏం జరిగిందో విన్నాక మీరే చెప్పండి.

ఆ రోజుల్లో మా దగ్గర చదువుకున్న ఆడపిల్ల అంటే ఇంటికొక దరఖాస్తు యంత్రం. కరెంటోళ్లకు రాయాలన్నా, విత్తనాల కంపెనీకి ఫిర్యాదు పెట్టాలన్నా పిలుపొచ్చేది. రాసిచ్చిన తర్వాత "ఇగ వంటింట్లకు పో" అనేవారు. (ఇప్పుడు ఆ పని ఫోన్లు చేస్తున్నాయి, ఫోన్లను మాత్రం ఎవరూ వంటింట్లోకి పొమ్మనరు.) నేను హైదరాబాద్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతూ సాయంత్రాలు స్పానిష్ కోర్సులో చేరాను. ఎందుకు స్పానిషే అంటే గొప్ప కారణమేమీ లేదు. ఫ్రెంచ్ క్లాసు నిండిపోయింది, జర్మన్ క్లాసు హాస్టల్ గేటు మూసే టైంకు కుదరలేదు. మాకు చెప్పిన సార్‌ను డిక్షనరీ సార్ అనేవాళ్లం. ఆయన స్పెయిన్ చూడలేదు, చూసినవాళ్లను కూడా చూడలేదు. ఆయన దగ్గర ఇటుకంత డిక్షనరీ ఒకటుండేది. భాష అంటే ఒక్కొక్క మాటను పట్టుకుని దాని వంశమంతా తేల్చిన తర్వాతే రెండో మాటకు పోవాలని ఆయన నమ్మకం. ఏడాది తిరిగేసరికి మాకు వచ్చిన మాటలు నలభై ఉంటే ఎక్కువ. కానీ ఆ నలభై మాటలనూ ఇంటిపేరుతో సహా చెప్పగలిగేవాళ్లం. "కూర్చోండి", "నీళ్లు తాగుతారా" లాంటివి మాత్రం ఆ నలభైలో లేవు.

అందులో కాంపో అనే మాట మీద మూడు వారాలు నడిచాయి. కాంపో అంటే చేను. పట్నం కాని జాగా అంతా, అంటే ఊరూ వాడా గొడ్డూ గోదా కలిపి పల్లె మొత్తం కూడా కాంపోనే. పిల్లలు ఆడుకునే మైదానం కాంపో, దండు దిగిన విడిది కాంపో. ఇక్కడిదాకా వచ్చాక సార్ చాక్‌పీస్ కింద పెట్టి, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, "ఇప్పటిదాకా నేల మీద నడిచాం, ఇక నేల వదిలేద్దాం" అనేవారు. చదువులో ఎవరి శాఖ వాళ్ల కాంపో. కన్ను ఆనినంత మేర కంటికి కాంపో. అయస్కాంతం ఎంత దూరం నుంచి ఇనుమును లాగుతుందో అంతా దాని కాంపో. ఒకరి దారికి అడ్డు తప్పుకుంటే వాళ్లకు కాంపో వదిలినట్టు. మాట పక్కన 'పవిత్రం' అని తగిలిస్తే శ్మశానం. చేనులో మొదలైన మాట మనిషి ఆట, చదువు, యుద్ధం అన్నీ తిరిగి కాటిదాకా పోయిందని సార్ మురిసిపోయేవారు. నేనూ మురిసిపోయాను. ఇరవై ఏండ్ల పిల్లకు అది లోకరహస్యంలాగా ఉండేది.

సెలవులకు ఇంటికి వచ్చి ఆ రహస్యం మా బాపుకు విప్పాను. బాపు ఎద్దులకు కుడితి పెడుతూ చివరిదాకా విన్నాడు.

"చెల్కకు గదే మాటనా?" అన్నాడు.

"గదే, బాపు."

"మడికి?"

"మడికి కూడా."

"బీడుకు?"

"దానికీ అదే."

"మరి మొగుడు ఏడికి పోయిండో పెండ్లానికి ఎట్ల తెలుస్తది బిడ్డా? సద్ది ఏడికి పట్కపోవాలె?"

డిక్షనరీ సార్ మూడు వారాల్లో ఈ ప్రశ్న ఒక్కసారి కూడా వేయలేదు. పక్కనే బియ్యం చెరుగుతున్న మా పెద్దమ్మకు మాత్రం శ్మశానం దగ్గరే ఆగిపోయింది. "పంట పండే జాగను బొందలగడ్డ అంటరా, గదేం భాషనే, నోరు కడుక్కో పో" అని నిజంగానే చెంబుతో నీళ్లు తెచ్చింది.

అదే ఏడు ఎండాకాలం మొదట్లో మా మేనత్త కొడుకు ఒక ఫ్యాక్స్ కాగితం పట్టుకుని వచ్చాడు. ఈయనను ఊరంతా ఎక్స్‌పోర్ట్ బావ అనేది. అప్పటికి ఆయన పసుపు మహారాష్ట్రలో సాంగ్లీ మార్కెట్ దాటి పోయింది లేదు, అయినా విజిటింగ్ కార్డు మీద భూగోళం బొమ్మ ఉండేది. బొంబాయి దళారి ఎవరో ఈయన పేరు ఒక స్పెయిన్ కంపెనీకి అందించాడు. ఆ కంపెనీ ఆమె వస్తున్నది, ఆర్మూర్ పసుపు చూస్తుంది, నచ్చితే ఏటేటా కొంటుంది. ఆమెకు ఇంగ్లీషు నాకు స్పానిష్ వచ్చినంత వస్తుంది. చూపించాల్సింది ఆలూర్ రోడ్డు మీద బాపు వాళ్లన్న, మా పెద్దబాపు చేను, ఎందుకంటే ఆ ఏడు చుట్టుపక్కల ఆయన పసుపుకే మంచి రంగు వచ్చింది.

బావ నన్ను చూసి, "మర్దలా, నీ స్పానిష్‌కు ఇగ పని పడ్డది" అన్నాడు.

నేను ఆమెతో గడగడా మాట్లాడతానని గప్పాలు కొడుతూ ఎగిరెగిరి పడుతుంటే బాపు నన్ను పక్కకు పిలిచాడు. హైదరాబాద్ యూనివర్సిటీలో స్పానిష్ ఎమ్మే చేస్తానని నేను ఆర్నెల్లుగా పోరు పెడుతున్నాను. ఆయన ఔననలేదు, కాదనలేదు. ఆ రోజు అన్నాడు: "గామెతోని మాట్లాడి చూపియ్యి. నీ భాష మనిషికి పనికొస్తదని నాకు అనిపిస్తే పంపిస్త. లేకుంటే బీఈడీ చేసి బడి చూస్కో. మళ్ల నన్ను అడగొద్దు." మా బాపు ఒక మాట అంటే అంతే. నాకు ఇక నిద్ర పట్టలేదు, అన్నం దిగలేదు. నేను కొనుక్కున్న చిన్న డిక్షనరీ అయితే ఒళ్లోంచి దిగలేదు.

డిక్షనరీలో మాట మాటా వెతికి పట్టుకున్న ఆ ఫ్యాక్స్ చదివి వినిపించడానికి పెద్దబాపు వాకిట్లో అందరినీ కూర్చోబెట్టారు. ఇక్కడ నా తప్పు ఒకటి ఉంది, దాచను. చదివి పది మాటల్లో చెప్పాల్సింది. కానీ అందులో మూడో లైన్‌లో కాంపో కనబడింది. చుట్టాన్ని చూసినట్టయింది నాకు. అంతే, చేను నుంచి అయస్కాంతం దాకా మొత్తం చెప్పాను. (శ్మశానం మాత్రం పెద్దమ్మ మొహం చూసి వదిలేశాను.) అయస్కాంతం దగ్గర ఇద్దరు లేచి బీడీలకు పోయారు, మా మేనత్త కునికింది. అసలు సంగతికి వచ్చేసరికి వింటున్నది పెద్దబాపు, బాపు, బావ, ముగ్గురే. వాళ్లకు మాత్రం స్పష్టంగా చెప్పాను. ఆమె రాసింది ఇదీ: పసుపు తవ్వేసిన తర్వాతి చేను చూడాలి, ఖాళీ చేను చాలు, మట్టి చూడాలి.

పెద్దబాపు తువ్వాల భుజం మార్చుకున్నాడు. "ఉత్త చేను చూస్తదంటనా?"

"ఆఁ, అదే రాసింది."

"మనం ఎవరింటికన్న పోతే 'చాయ్ వద్దు, ఇప్పుడే తాగొచ్చిన' అంటమా అనమా?"

"అంటం."

"అంటే వాళ్లు పెట్టకుంట ఊకుంటరా?"

"ఊకోరు."

"గిది గూడ గంతే. మంచి మనిషి, మర్యాదకు 'ఉత్తదైనా సాలు' అన్నది. అన్నదని మనం ఉత్త చేను చూపిస్తమా? గంత దూరం నుంచి వచ్చినామెకు బొక్కలు బొక్కలున్న నేల చూపిస్తే ఏమనుకుంటది? వీళ్లకు పండలే అనుకుంటది."

"ఆమె మట్టి చూస్తానంటున్నది, పెద్దబాపు."

"వాళ్ల దేశంల మట్టి లేదా ఏంది?" అన్నాడు బావ.

బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుంది. మాకు కాదు. మా ఇండ్లల్లో బియ్యం అయిపోతే అయిపోయాయని అనరు, నిండుకున్నాయంటారు. చుట్టం ఉన్నప్పుడు ఖాళీ గంప అడ్డంగా ఎత్తుకుపోరు, అందులో నాలుగు గింజలు వేసి ఎత్తుతారు. ఖాళీ అనేదాన్ని కంటికి కనబడనీయకుండా బతకడమే మా మర్యాద. అటువంటి వాకిట్లో నేనొక కాగితం పట్టుకుని, ఆమెకు ఖాళీయే కావాలని వాదిస్తున్నాను. వాదన నాకు పుట్టుకతో వచ్చింది, గెలవడం మాత్రం మొగోళ్లకు రాసిపెట్టి ఉండేది.

ఆ తర్వాత ఏం చేశారో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. పెద్దబాపు చేనుకు ఆనుకుని ఇంకొకరు ఆలస్యంగా వేసిన వెనకపంట ఉంది. ఆ పసుపు ఆకు ఇంకా పచ్చగానే ఉంది. తవ్వేముందు ఎట్లాగూ ఆకు కోసేస్తారు కాబట్టి ఆయన "ఎన్నన్న కోస్కపోండి" అన్నాడు. ఆమె వచ్చే రోజు తెల్లవారంగనే పదిహేను మంది దిగారు. ఆకును కాడతో సహా కొడవళ్లతో కోసి, తవ్విన నేలను చదును చేసి, తాడు పట్టి, సాళ్లు సాళ్లుగా గుచ్చారు. ఒక్కొక్క కాడ చుట్టూ మట్టి ఎగదోసి పైన నీళ్లు చిలకరించారు. గంటన్నరలో రోడ్డు పక్క మడి మొత్తం పచ్చగా లేచింది. దేవుడు పెంచిన సాళ్లకంటే మావాళ్లు గుచ్చినవే తిన్నగా ఉన్నాయి. పెద్దబాపు గట్టు మీద నిలబడి చూసుకుని కళ్లు తుడుచుకున్నాడు. నిజంగా పండినప్పుడు కూడా ఆయన అంత సంబరపడలేదు. రెండు సాళ్లు నేనే గుచ్చాను. ఊళ్లో చెప్పే కథలో ఈ సంగతి లేదు, నేను చెప్పకపోతే మీకు తెలియదు, అయినా చెప్తున్నాను. వాదించి ఓడిపోయినదాన్ని గట్టు మీద ఊరికే నిలబడలేక దిగాను. దిగిన తర్వాత, సిగ్గులేకుండా, నా సాలు పక్కసాలు కంటే తిన్నగా రావాలని చూసుకున్నాను.

ఆమె పదింటికి రావాల్సింది, పదింటికే వచ్చింది. యాభై ఏండ్లుంటాయి, పొట్టి మనిషి, నెరిసిన జుట్టు, కాళ్లకు బురదకు ఓర్చే బూట్లు. అప్పుడే చేనుకు తీసుకుపోయి ఉంటే ఏమో, ఆకు ఇంకా నిగనిగలాడుతుండేది. కానీ చుట్టమన్నాక మర్యాదలుంటాయి కదా. ముందు కమిటీ హాల్లో దండ, తర్వాత శాలువా, తర్వాత కొబ్బరినీళ్లు, తర్వాత బావ ఉపన్యాసం, మళ్లీ చాయ్. చాయ్ వద్దని ఆమె చెయ్యి ఊపింది. పెద్దబాపు నా వైపు 'చూసినవా, నేను జెప్పలే?' అన్నట్టు చూసి రెండు కప్పులు పోయించాడు. బావ ఉపన్యాసాన్ని నేను స్పానిష్‌లోకి మార్చాలి. ఆయన పది నిమిషాలు మాట్లాడితే నేను "మంచిది. పసుపు మంచిది" అన్నాను. ఆమె తలూపింది. ఊపిన ప్రతిసారీ నేను బాపు వైపు చూశాను. ఆయన కిటికీలోంచి ఎండను చూస్తున్నాడు.

మేము చేను చేరేసరికి ఒంటిగంట. ఎండ నడినెత్తిన ఉంది. పసుపు ఆకంతా సాళ్లకు సాళ్లే తల వేలాడేసి ఉంది, చావు ఇంటి ముందు కూర్చున్న మందిలాగా. పదిహేను మందిమి గట్టు మీద నిలబడ్డాం. ఆమె గట్టు దిగి రెండు అడుగులు వేసి ఆగింది. నెమ్మదిగా వంగి, ఒక ఆకును రెండు వేళ్లతో పట్టుకుని లాగింది. జడలోంచి పిన్ను తీసినట్టు వచ్చింది. కింద కొమ్ము లేదు, వేరు లేదు, కొడవలి కోత నున్నగా కనబడుతున్నది. ఇంకొకటి లాగింది. అదీ అంతే. మూడోదాన్ని లాగలేదు. నా వైపు తిరిగి "పోర్ కే?" అన్నది. ఎందుకు అని. ఆ ఏడాది మొత్తంలో నాకు అక్కడికక్కడే అర్థమైన మొదటి స్పానిష్ ప్రశ్న అది.

పెద్దబాపు నా వెనక నుంచి, "పురుగు కొట్టిందని జెప్పు" అన్నాడు.

బావ ఇంకో పక్క నుంచి, "గిది కొత్త పద్ధతి, గవర్నమెంటోళ్లు చెప్పిన్రు అను మర్దలా, నీకు దండం పెడ్త" అన్నాడు.

బాపు నన్నే చూస్తున్నాడు.

చెప్దామన్నా పురుగుకు నాకు మాట రాదు, కొత్త పద్ధతికీ రాదు. ఉన్న నలభైలో వెతుక్కున్నాను. కాంపో ఉంది. ఖాళీ అన్న మాట ఉంది. పెదనాన్న ఉంది, అది కుటుంబం పాఠంలోది. ఇంకా సిగ్గు ఉంది. డిక్షనరీ సార్ మమ్మల్ని రోజూ సిగ్గులేదా అని ఆ భాషలోనే తిట్టేవారు, అందుకని అది మాత్రం బాగా వచ్చు. చేను చూపించి కాంపో అన్నాను. ఖాళీ అన్నాను. పెద్దబాపును చూపించి పెదనాన్న అన్నాను. సిగ్గు అన్నాను. నాలుగూ ఒకదాని పక్కన ఒకటి పెట్టాను. క్రియ లేదు, విభక్తి లేదు, మర్యాద అసలే లేదు.

ఆమె నవ్వలేదని ఎన్నిసార్లు చెప్పినా ఎవరూ వినరు, మళ్లీ చెప్తున్నాను, నవ్వలేదు. పెద్దబాపు వైపు చాలాసేపు చూసింది. గట్టు దగ్గర మేమంతా చెప్పులు విడిచి ఉన్నాం. అది చూసి తనూ కూర్చుని ఆ పెద్ద బూట్లు విప్పింది. ఆకు ఊడొచ్చిన చోట మోకాళ్ల మీద కూర్చుని చేత్తో తవ్వింది, ఇంత మట్టి తీసి వాసన చూసింది, సంచిలో వేసుకుంది. లేచి పెద్దబాపుకు రెండు చేతులూ జోడించి దండం పెట్టింది. చేతులకు మట్టి ఉన్నదని ఆయన కంగారుపడి తువ్వాల ఇచ్చాడు. అప్పుడు నా వైపు తిరిగి పొడుగ్గా, గబగబా ఏదో చెప్పింది. అందులో నాకు చిక్కింది కాంపో ఒక్కటే. చేనా, పల్లెనా, చదువా, కన్ను ఆనినంత మేరా, ఏ కాంపోనో తెలియలేదు. అన్ని అర్థాలూ నోటికి వచ్చినదాన్ని గుడ్లప్పగించి నిలబడి, "మంచిది. పసుపు మంచిది" అన్నాను.

ఆ తర్వాత పసుపు ఉడికించే కడాయిలు చూసింది, రెండు కొమ్ములు విరిచి చూసింది, పోయింది. ఆర్డర్ రాలేదు. రేటు కుదరలేదో, మట్టి నచ్చలేదో, బొంబాయి దళారి నోరు జారాడో ఎవరికీ తెలియదు. కానీ ఊరికి ఒక మనిషి కావాలి కదా. పదిహేను మంది చేతులు పెట్టిన పని, చెడిపోతే తలా ఇంత పంచుకోవాల్సింది. పంచుకోలేదు, మొత్తం మూటగట్టి నా నెత్తిన పెట్టారు. ఆ ఆకులు గుచ్చుదామన్నది ఎవరని అడిగితే ఇప్పటికీ ఒకరు ఇంకొకరిని చూపిస్తారు. స్పెయిన్ పిల్ల అని పేరు పెట్టారు, బడిలో చేరాక అది స్పెయిన్ మేడం అయింది. ఎక్స్‌పోర్ట్ బావ తర్వాత ఎరువుల దుకాణం పెట్టుకున్నాడు, బోర్డు మీద భూగోళం ఇంకా ఉంది.

ఆ సాయంత్రం బాపు స్కూటర్ వెనక కూర్చుని ఇంటికి వస్తున్నాను.

"గామెకు మా అన్న గురించి ఏం జెప్పినవ్?" అన్నాడు.

"ఉన్నదే చెప్పిన. చేను ఖాళీ చూపెట్టనీకి సిగ్గైందని."

"నాలుగు మాటలే అంటివి గద."

"నాకు గవే వచ్చు, బాపు."

"నాలుగు మాటలకే దండం పెట్టిందా గామె?"

"పెట్టింది."

"ఊఁ" అన్నాడు. వారం తిరిగేసరికి బీఈడీ ఫారం తెచ్చి నా డిక్షనరీ మీద పెట్టాడు. నేను వాదించలేదు. నా జన్మలో నేను వాదించకుండా వదిలిన సంగతి అదొక్కటే.

ఇప్పుడు నేను బడిలో సోషల్ చెప్తాను. నేలల పాఠం వచ్చినప్పుడు పిల్లలకు చెల్క, మడి, బీడు తేడా చెప్తాను, అడిగినవాళ్లకు కాంపో కూడా చెప్తాను. వార్తాపత్రిక అట్ట వేసిన డిక్షనరీని గుండెకు ఆనించుకుని, తన సాలు తిన్నగా ఉందో లేదో చూసుకుంటూ ఆ ఎండలో నిలబడ్డ పిల్ల గుర్తొస్తే ఇదివరకు ఒళ్లు మండేది. ఈ మధ్య నవ్వొస్తున్నది, దాన్ని పిలిచి ఇన్ని నీళ్లివ్వాలనిపిస్తుంది. బాపుకు ఎనభై దాటాయి. మా బోరు ఏ ఏడు ఎండిందో, ఏ ఎద్దును ఎవరికి అమ్మాడో అన్నీ చెప్తాడు. మొన్న ఆదివారం చాయ్ చేతికిచ్చి, అప్పుడు నన్నెందుకు పంపలేదని మొహమాటపడకుండా అడిగాను. "మస్తు దినాలాయె బిడ్డా, ఏం యాదికుంటది" అని టీవీ సౌండు పెంచాడు. నేను రిమోట్ తీసుకుని తగ్గించాను. ఆయన చాయ్ చల్లారిందన్నాడు. వేడి చేసి తెచ్చేసరికి కళ్లు మూసుకుని ఉన్నాడు, నిద్ర కాదని రెప్పలే చెప్తున్నాయి. ఊరు ఏమన్నా అనుకోనీ, నాకు కావాల్సింది ఆయన దగ్గర ఉన్న జవాబు ఒక్కటే. నన్ను ఆయన హైదరాబాద్ పంపనిది నాకు స్పానిష్ రాలేదనా, వచ్చిందనా?